రెండు గదులకీ ఒకే బకెట్

అయితే ఇకనుంచి ఎవరు కొలిచిందైనా అందరికీ కనబడాలంటారా? బాగుందమ్మా. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఈ రెండు గదుల మధ్య గోడకి పద్నాలుగేళ్ళుగా చెవుల్లేవు, నోరూ లేదు. ఇప్పుడు ఏకంగా ఆ గోడే ఉండకూడదంటున్నారు.

నేను ఈ నీళ్ళ ల్యాబులో సీసాలు కడిగేదాన్ని. నా చదువు అయిదో తరగతి. నాకేం తెలుస్తుంది? తెలిసినా అడిగేవాళ్ళేరీ? కుర్చీ చూపించి కూర్చోమన్నది మీరే మొదటివారు. అందుకే ఇవాళ నోరు ఊరుకోవడం లేదు.

ఈ గదిలో తాళాల సారు, పక్క గదిలో కళ్ళజోడు మేడమ్. ఇద్దరూ పరీక్ష చేసింది మన ఊరి చెరువు నీళ్ళనే. ఆయనకి మంగళవారం, ఆవిడకి శుక్రవారం. ఒకరు కొలిచింది ఇంకొకరికి తెలిస్తే కొంప మునిగినట్టే. బీరువాకి తాళం, ఆ తాళంచెవి దాచిన డబ్బాకి ఇంకో తాళం. పోనీ సారు తన పుస్తకంలో రాసిందైనా మనిషికి అర్థమవుతుందా? 'రాయి దగ్గర' అని ఒకటి, 'మళ్ళీ రాయి దగ్గర' అని ఇంకొకటి. ఏ రాయో చెప్పకుండానే పైకెళ్ళిపోయారు మహానుభావుడు.

దానికోసం మీరు మూడు నెలలుగా తల బద్దలు కొట్టుకుంటున్నారట. మొదటిది పడవలు కట్టే రాయి. రెండోది మురుగు కాలవ పక్కది. చూశారా, అరనిమిషం పని.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదమ్మా.

పొద్దున ఆ ఇద్దరి అంకెలూ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టి మురిసిపోయారు కదా. మొదటి ఎనిమిదేళ్ళూ ఎడమొహం పెడమొహంగా ఉన్నవి, తర్వాత ఆరేళ్ళూ కవలపిల్లల్లా ఉన్నాయన్నారు. ఇద్దరు విడివిడిగా కొలిచినా ఒకటే వచ్చిందంటే ఇంక తిరుగులేదన్నారు. నేను తలుపు దగ్గర తుడుపుగుడ్డతో ఉన్నాను. ఆ మాటకి చెయ్యి ఆగిపోయింది.

మొదట్లో నీళ్ళకి వాళ్ళే వెళ్ళేవారు. తర్వాత సారుకి మోకాళ్ళు, మేడమ్‌కి మీటింగులు. ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పని నాకే అప్పజెప్పారు. "పక్క గదిలో చెప్పకు" అని ఇద్దరిదీ ఒకటే మాట. చెప్పలేదమ్మా. మాట మీద నిలబడే మనిషిని.

ఆ చెరువు మెట్లు మీరు చూడలేదు. ఒకటే పాచి. రెండోసారి జారిపడ్డప్పటి నుంచి నా మడమ ఇప్పటికీ వాస్తుంది. వారానికి రెండుసార్లు ఎవరు దిగుతారు? మంగళవారమే ఒక్కో రాయి దగ్గరా ఒక్క బకెట్ ముంచి, సారు సీసాలూ మేడమ్ సీసాలూ నింపేశాను. మేడమ్‌వి ఫ్రిజ్‌లో దాచి, శుక్రవారం తేదీ అంటించి ఇచ్చాను. ఆరేళ్ళూ అంతే. మీ తెర మీదున్న ఆ శుక్రవారాలన్నీ మంగళవారాలే.

ఇద్దరిలో ఒక్కరైనా పుస్తకం గోడ దాటించి ఉంటే మొదటి నెలలోనే దొరికిపోయేదాన్ని. ఆ తాళాలే నన్ను కాపాడాయి. చదువుకున్నవాళ్ళ చలవ.

సారు పోయి, మేడమ్ బదిలీ మీద వెళ్ళిపోయాక, బీరువాతోపాటు నా అబద్ధం కూడా హాయిగా నిద్రపోతోందనుకున్నాను. మీరొచ్చి లేపారు. నీళ్ళ సరఫరా వాళ్ళు ఈ అంకెలు తీసుకుని, మందు ఎప్పుడెంత కలపాలో చూసుకుంటారన్నారు. మా చెల్లెలి కొళాయిలో వచ్చేవి ఆ నీళ్ళేనమ్మా. దాని కోడలు మొన్ననే పిల్లని కంది.

అదిగో, ఆ తెర మీద ఒక గడి ఖాళీగా ఉంది. నీళ్ళు తెచ్చిందెవరు అనే కదా అది? సీసాలు కడిగే ఆవిడ అని రాయండి. ఒకే బకెట్ అని కూడా రాయండి.

పనిలోంచి తీసేస్తారంటారా? తీసేయనివ్వండి. ఈ రెండు గదులకీ ఏదైనా సమానంగా పంచినది నేనొక్కదాన్నే కదా, ఆ సంగతీ అందరికీ కనబడనివ్వండి.