శూన్యం ఒలికిన నోటీసులో ఐదో జాగ్రత్త

పేరు మీ కాగితంలో పైన రాసుకున్నారు, అదే. ఆ పేరుతో నన్ను పిలిచేది హాజరు పట్టీ గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ నేను పితలాటకం. వయసు యాభై రెండు. చదువు తొమ్మిదో తరగతి, అదీ అర్ధ సంవత్సరం పరీక్షలదాకా. వృత్తి కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అటెండరు. సర్వీసు ఇరవై ఎనిమిదేళ్ళు.

ఈరోజు మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావుకి మీ స్టేషనులో ఈ వాంగ్మూలం మొదలుపెట్టాను. నాతోపాటు మా అక్క భర్త వచ్చారు. బయట బెంచీ మీద, ఫ్యాను కింద కూర్చున్నారు. ఆయన్ని బావ అంటాను. ఆయన సంగతి ఇందులో వస్తుంది.

నా మీద ఫిర్యాదు ఏమిటంటే, నిన్న సోమవారం ఉదయం పదకొండూ నలభైకి, కళాశాల పెద్ద హాల్లో, వేదిక మీద, ఉపన్యాసాల సారు మీద బెల్‌జారుతో దాడి చేశానని. బెల్‌జారు అంటే మోకాలెత్తు గాజు బోను. ఇనప పళ్ళెం మీద బోర్లించి పంపుతో లోపలి గాలి లాగేస్తాం. లోపల మిగిలేదాన్ని శూన్యం అంటారు. అప్పుడు లోపల కరెంటు గంట మోగుతున్నా బయటికి వినపడదు. ఏటా పిల్లలకి చూపిస్తాం. ఇరవై ఎనిమిదేళ్ళుగా అలాంటి గాజుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటున్నాను. దానితో ఒక మనిషిని కొట్టాలంటే నాకు దాని మీదే జాలి వేస్తుంది. కొట్టలేదు. అది మొదట రాసుకోండి.

గొడవ ఎక్కడ మొదలైందని అడిగారు కనుక చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళ కింద మొదలైంది.

అప్పుడు మా ల్యాబులో ఏడు బల్లలు. ఒకటో బల్ల త్రాసులు, రెండు అద్దాలు, మూడు అయస్కాంతాలు, నాలుగు స్పిరిటు దీపాలు, ఐదు పంపు, బెల్‌జారు. ఆరు కరెంటు సామాను. ఏడు గుమ్మం పక్కది, చెప్పుల స్టాండు దగ్గర. ఐదో బల్ల మా బావది. ఆయనా అటెండరే, నాకంటే సీనియరు, నన్ను ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. ఉపన్యాసాల సారు అప్పుడు ఉపన్యాసాల సారు కాదు, కుర్ర లెక్చరరు, ల్యాబు ఇన్‌చార్జి.

ఆ బెల్‌జారుకి అడుగంచు దగ్గర వెంట్రుకంత బీట వచ్చింది. బావ చూసి పక్కన పెట్టారు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఇన్‌చార్జి సారు ల్యాబులోకి వచ్చారు. నేను నాలుగో బల్ల దగ్గర దీపాల్లో ఒత్తులు మారుస్తున్నాను. ఈ మాటలు నా చెవులతో విన్నాను.

బావ అన్నారు, "సార్, ఇది బీటిచ్చింది. పంపు పెడితే లోపలికి పేలుతుంది."

సారు అన్నారు, "ఏం కాదు, పెట్టు. రేపు పెద్దవాళ్ళొస్తున్నారు, ఇవాళ ఒకసారి చూసుకోవాలి."

"కొత్తది స్టోరులో ఉంది సార్. పది నిమిషాలు."

"పది నిమిషాలు నాకెక్కడివయ్యా. పెట్టు."

పెట్టమని చెప్పి సారు వెళ్ళిపోయారు. రెండూ నలభైకి జారు పేలింది. బావకి ఎడమ కన్ను ఆ రోజే పోయింది. కుడి కన్ను ఆరు నెలలకి పోయింది. ఆరు నెలలు ఆయన రోజూ పొద్దున లేచి కిటికీ కమ్మీలు లెక్కపెట్టుకునేవారు. ఎనిమిది కమ్మీలు. ఒకరోజు ఆరు అన్నారు. మా అక్క ఎనిమిదే అని చెప్పలేదు.

జారు పేలిన మర్నాడు, గురువారం ఉదయం పదింటికి ప్రిన్సిపాలు సంతకంతో ల్యాబు బోర్డు మీద ఒక నోటీసు పెట్టారు. చదువు తక్కువ సిబ్బంది అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది, ఇకపై శూన్యంతో వ్యవహరించేటప్పుడు ఈ కింది జాగ్రత్తలు పాటించవలెను అని, పన్నెండు జాగ్రత్తలు. నేను పన్నెండూ చదివాను. బీట ఉన్న గాజు వాడవద్దు అని పన్నెండిట్లో ఎక్కడా లేదు. చేతులు శుభ్రంగా ఉంచుకోవలెను అని మాత్రం ఉంది.

ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండితే నోటితో తిట్టను. మరోటి చేస్తాను, అందుకే ఆ పేరు. స్టోరులోంచి ఒక తెల్ల కాగితం తీసి, అదే భాషలో, అదే కొలతలో ఇంకో నోటీసు రాసి దాని పక్కనే అంటించాను. అప్పుడు పదకొండున్నర. అందులో ఉన్నది నాకు నోటికొచ్చు, రాసుకోండి.

శూన్యం ఒలికినది. జారిపడగలరు.

ఒకటి. ఒలికిన శూన్యాన్ని త్రాసులో తూచరాదు. తక్కువ వచ్చినచో సిబ్బంది తిన్నారని భావించబడును.

రెండు. భూతద్దంతో వెతకరాదు. పెద్దదగును.

మూడు. అయస్కాంతంతో ఏరరాదు. ఉత్తరపు శూన్యము, దక్షిణపు శూన్యము కలిసి కాపురం పెట్టును.

నాలుగు. వేడి చేయరాదు. పొంగి గది అంతా ఖాళీ అగును.

ఆరు. శూన్యంలో వేలు పెట్టగా షాకు కొట్టినచో అది వేలు యొక్క అజాగ్రత్త.

ఏడు. చెప్పులకు అంటిన శూన్యమును ఇంటికి తీసుకొనిపోరాదు. అది కళాశాల ఆస్తి.

ఐదు లేదు. ఎందుకు లేదంటే, నేను ఒక్కో బల్ల ముందు నిలబడి ఆ బల్లకి ఒక్కో జాగ్రత్త రాశాను. ఐదో బల్ల ముందుకొచ్చేసరికి పళ్ళెం చుట్టూ గాజు ఇంకా తుడవలేదు. బావ కళ్ళజోడు మడత పెట్టి బల్ల అంచున ఉంది. దాన్ని ఎవరు మడత పెట్టారో నాకిప్పటికీ తెలీదు. ఐదు అని అంకె వేశాను. ఏమీ తోచలేదు. అంకె కొట్టేసి ఆరో బల్లకి పోయాను. తరువాత ఆ బల్ల తీసేశారు గాని మిగతా బల్లల నంబర్లు మార్చలేదు, నేను మార్చనివ్వలేదు. ఇప్పటికీ మా ల్యాబులో నాలుగు తరువాత ఆరు. కొత్త పిల్లలు అదేదో మూఢనమ్మకం అనుకుంటారు.

సారు ఆ గురువారం నా నోటీసు బోర్డు మీద చదివారు. పొట్ట పట్టుకుని నవ్వారు. ఎవరు రాశారని అడగలేదు. చించి జేబులో పెట్టుకున్నారు. అప్పట్లో కాలేజీ మొత్తానికి ఇంటర్నెట్టున్న కంప్యూటరు ఆయన గదిలోదే. వారం తిరక్కుండా ఆ నోటీసు ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. ఎవరెవరో ఎవరెవరికో పంపారు. ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. ఐదు ఏమైందని వాళ్ళలో వాళ్ళు వాదులాడుకునేవారు. నాకు సంతోషంగానే ఉండేది. చిలిపి పని కింద సంతకం పెట్టేవాడికి ఆ పని రానట్టే లెక్క. మా మేనకోడలు ఫోనులో చదివి వినిపిస్తే బావ కూడా నవ్వేవారు. "ఒరేయ్ బామ్మర్దీ, నీ వెధవ పని ప్రపంచం తిరిగొచ్చిందిరా, నువ్వు మాత్రం ఆ ల్యాబులోనే ఉన్నావు" అనేవారు. ఇరవై రెండేళ్ళు ఇలాగే గడిచింది. నాది అని నేను ఎవరినీ అడగలేదు. అది కూడా రాసుకోండి.

ఈ ఏడాది సారు పుస్తకం వేశారు. సైన్సులో నవ్వుల మీద. అరవై మూడో పేజీలో నా నోటీసు ఉంది. కింద ఆయన ఇలా రాశారు: దీన్ని నేనే రాశాను, ఫలానా తేదీ బుధవారం ఉదయం, మా ల్యాబులో బల్లల మధ్య తిరుగుతూ, అప్పటికి అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు, కేవలం సరదాకి.

ఆదివారం సాయంత్రం అయిదింటికి మా అక్క ఆ పేజీ చదివి వినిపించింది. బావ మొదట నవ్వారు. తరువాత చెయ్యెత్తారు.

"ఏ వారం అన్నావ్? మళ్ళీ చదువు."

అక్క మళ్ళీ చదివింది. ఆ తేదీ జారు పేలిన రోజుదే.

"బుధవారమా? బుధవారం ఆయన సెలవు కదే."

ఇక్కడ ఒక కాగితం సంగతి చెప్పాలి. ప్రమాదం మీద కాలేజీలో విచారణ జరిగింది. బావని ఉద్యోగంలోంచి తీసేస్తూ ఆ నివేదిక నకలు ఒకటి చేతిలో పెట్టారు. అందులో ఉంది: ఇన్‌చార్జి లెక్చరరు సోమవారం నుంచి బుధవారం వరకు సెలవులో ఉన్నందున, ఆయన ప్రయోగశాలలో అడుగు పెట్టనందున, ప్రమాదానికి పూర్తి బాధ్యత అటెండరుదే. సారు అలాగే చెప్పి సంతకం పెట్టారు. నేను వెళ్ళి నా చెవులతో విన్నది చెప్పాను. చెప్పింది విన్నారు. రాసుకోలేదు. అందుకే మీకు ఇన్నిసార్లు రాసుకోండి అంటున్నాను. మీరు విసుక్కున్నారు, పరవాలేదు, రాసుకోండి.

నిన్నటి సంగతి. సోమవారం పదకొండింటికి సారు ఉపన్యాసం. గంట ప్రయోగం చూపించాలి, బెల్‌జారు, పంపు వేదిక మీద పెట్టమని ఆర్డరు. పెట్టాను. కొత్త జారు, బీట లేనిది, నేను చూసుకున్నాను. హాల్లో మూడు వందలమంది ఉంటారు. సారు నా నోటీసు చదివారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు. ఆగారు. "మరి ఐదేదీ? శూన్యం గురించి రాసేవాడు ఒక్క అంకైనా ఖాళీగా వదలాలి కదండీ" అన్నారు. చప్పట్లు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు నేను వేదిక పక్కనుంచే చెయ్యెత్తాను. సారు నన్ను చూసి, "మంచినీళ్ళు ఇక్కడ పెట్టి వెళ్ళవయ్యా" అన్నారు. హాలు నవ్వింది. నేను మంచినీళ్ళు పెట్టాను. పెట్టి అడిగాను.

"సార్, ఆ నోటీసు మీరు ఏ రోజు రాశారు?"

మైకులోనే చెప్పారు. "పుస్తకంలో ఉంది కదయ్యా, బుధవారం ఉదయం. చదవడం వస్తే చదువుకో."

"ల్యాబులోనే ఉండి రాశారా సార్?"

"ల్యాబులో కాక మీ ఇంట్లో ఉండి రాస్తానా?"

మళ్ళీ నవ్వారు. ఆ మూడు వందలమందీ విన్నారు. నేను మూడోది అడిగాను.

"ఐదో బల్ల దగ్గర ఎవరున్నారు సార్?"

"ఐదులో ఏమీ లేదయ్యా. అక్కడ ఎవరూ లేరు. అదే జోకు."

అక్కడ ఎవరూ లేరు అన్నారు. తెలియనివాడు అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆయనకి తెలుసు. అక్కడ ఎవరూ లేరు అన్నారు.

అప్పుడు నేను బెల్‌జారు ఎత్తి ఆయన ముందున్న బల్ల మైకు మీద బోర్లించాను. వైరు అడ్డొచ్చి సరిగ్గా కూర్చోలేదు, అయినా ఆయన గొంతు దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినపడింది. ఒక్క నిమిషం కూడా ఉంచలేదు. సారు వెనక్కి అడుగేసి, తన కుర్చీ కాలు తనే తన్నుకుని కూలబడ్డారు. మోచెయ్యి గీసుకుంది. నేను ముందు బెల్‌జారుని జాగ్రత్తగా పళ్ళెం మీద పెట్టాను. తరువాతే సారుకి చెయ్యిచ్చాను. ఆ వరస తప్పే అయితే ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. సభ పాడు చేశాను, అదీ ఒప్పుకుంటున్నాను. ఉద్యోగం నిన్న సాయంత్రమే ఆపేశారు, ఎందుకు చేశావంటే ఆ నోటీసు నాదని అక్కడ చెప్పాను.

ఈరోజు మూడింటికి, నేను ఇక్కడ మీ ముందు కూర్చునుండగానే, సారు మనిషి ఒకాయన వచ్చి ఒక కాగితం చూపించారు, మీరూ చూశారు. నోటీసు నేను రాయలేదు, సారే రాశారు, అబద్ధం ఆడినందుకు క్షమించాలి అని నేను సంతకం పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట, ఉద్యోగం కూడా ఉంటుందట. నేను సరే అన్నాను. బయటికెళ్ళి బావని అడిగి వచ్చి మరీ సరే అన్నాను. ఒక్కటే అడిగాను. నా సంతకానికి పైన సారు సంతకం ఉండాలి, అందులో ఆయన మాటలే ఉండాలి: బుధవారం ఉదయం ల్యాబులో ఉండి ఈ నోటీసు నేనే రాశాను, అని. కొత్త మాట ఒక్కటీ అక్కర్లేదు, పుస్తకంలోంచి దించుకుంటే చాలు. దాని కింద నేను కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. ఆ నోటీసు ఆయనకే ఉంచుకోమనండి. నోటీసు ఆయనదైతే ఆ బుధవారం కూడా ఆయనదే. ల్యాబులో లేరంటే నోటీసు నాది. రెండిట్లో ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమనండి.

ఆ మనిషి మూడూ ఇరవైకి ఫోను చేసి వస్తానని వరండాలోకి వెళ్ళారు. ఇప్పుడు నాలుగూ పది. రాలేదు.

నోటీసు నీదేనని నిరూపణ ఏమిటని మీరు అడిగారు. కాగితం సారు జేబులోకి పోయింది, నా దగ్గర లేదు. కాని ఐదో జాగ్రత్త ఏమిటో చెప్పగలిగినవాడు నేను ఒక్కణ్ణే. ఇరవై రెండేళ్ళు తోచనిది నిన్న వేదిక మీద తోచింది. రాసుకోండి.

ఐదు. బీట ఉన్న గాజు కింద శూన్యం పెట్టమని చెప్పినవారు, తాము చెప్పిన రోజు ఏదో మరచిపోరాదు.

పైన ఉన్నది నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. మీ రైటరు గట్టిగా చదివారు, బావ వినాలని తలుపు తీసి ఉంచమన్నాను, ఉంచారు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బుజ్జగించలేదు. ఇందులో చిలిపి మాటలున్నాయి గాని అబద్ధం లేదు. నేను చేసిన ఏ పని కిందా ఇంతవరకు సంతకం పెట్టలేదు. దీని కింద పెడుతున్నాను.

(సంతకం)

విని, నిజమేనని చెప్పిన సాక్షి: ఐదో బల్ల అటెండరు.

(ఎడమ బొటనవేలి ముద్ర)

వేలిముద్ర ఎందుకు, చదువు రాదా అని రైటరు అడిగారు. వచ్చు. నాకు ల్యాబు రిజిస్టరు రాయడం నేర్పింది ఆయనే. సంతకం గీత ఎక్కడుందో ఆయనకి కనపడదు. వేలు పట్టుకుని నేనే పెట్టించాను.