నర్సాపురం మన జిల్లాలో కలవబోయిన రోజు

"ఏదో మేకపిల్లతో మొదలైందండి, ఆయ్. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెబుతాను."

సఖినేటిపల్లి రేవులో వరహాలమ్మ టీ కొట్టు. ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద ముగ్గురున్నారు: పడవ ప్రయాణికుల రక్షణ సంఘం కార్యదర్శి సూరిబాబు, బస్సుల్నీ లారీల్నీ గోదావరి దాటించే పంటు మీద పనిచేసే దానం, బస్సు ఆగితే టీకి దిగిన కండక్టరు ప్రభాకరరావు. కొట్టు వెనక గ్లాసులు కడుగుతున్నది వరహాలమ్మ కూతురు విజయకుమారి. రోజూ పడవెక్కి అవతలి ఒడ్డున నర్సాపురం కాలేజీలో ఇంటరు చదువుకుంటోంది. ఆ పిల్లకి సంఘంలో చేరాలని ఉంది. చేరినవాళ్ళకి ఈత నేర్పుతారు. దరఖాస్తు మీద తల్లి సంతకం కావాలి, గడువు ఈ సాయంత్రంతో సరి. చదువు కోసం పడవెక్కనిస్తోంది గాని, నీళ్ళలో దిగడానికి వరహాలమ్మ సంతకం పెట్టనంటోంది. పన్నెండేళ్ళ కిందట ఆవిడ భర్త లోవరాజు ఈ గోదాట్లోనే పడవ బోల్తాపడి పోయేడు. అప్పట్నుంచీ ఆవిడ రేవు మెట్టు దిగలేదు. ఒప్పించే పూచీ నాదని సూరిబాబు వచ్చి కూర్చున్నాడు.

"సంఘంలో చేరిన మూడోరోజండి," అందుకున్నాడు సూరిబాబు. "చేతికో విజిలూ, ఓ టైరు ట్యూబూ ఇచ్చేరు. రేవులో నించుంటే మేకపిల్ల జారి నీళ్ళలో పడింది. ట్యూబు విసిరేను, మెడకి పడింది, లాగేను. అంతే. దాన్ని తోలుకెళ్ళిన ముసలావిడ మా ఇంటికి అరటిగెల పంపింది. చూసేరా మరి, చేరిన మూడోరోజుకే ఊళ్ళో మర్యాద!"

"మేకపిల్ల వరకూ నమ్మేస్తామండి," అన్నాడు దానం.

"నీ నమ్మకం ఎవడిక్కావాలోయ్, విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతర్వేది నుంచి పెళ్ళివారి పడవ వస్తోందండి, నలభై మంది, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, సన్నాయి మేళం, పైన కావిడి బిందెలు. నడి గోదాట్లో పడవ అడుగున బెజ్జం పడింది. జనం లేచి నించుని గోలండి. విజిలూదేను. ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. పడవలో ఎవరూ లేవకూడదు, అది సంఘం వాళ్ళు మొదటిరోజు నేర్పే ముక్క. ఆ బెజ్జంలో నా మడమ పెట్టి నొక్కేను. రెండున్నర గంటలండి! మధ్యలో ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కంగారుపడితే, కానివ్వండి, నేను కాలు తియ్యను, మీరు మంత్రం ఆపకండి అన్నాను. మూడుముళ్ళూ నా మడమ మీద పడ్డాయంటే నమ్ముతారా?"

"ముళ్ళు మీ మడమ మీదెందుకండీ, పెళ్ళికూతురు మెళ్ళో కదా పడాలి," అన్నాడు దానం.

"మాటవరసకి అన్నాన్రా బాబూ! వెటకారం మానవు గదా నువ్వు!"

వరహాలమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించింది. "అంతమందీ బతికి ఒడ్డెక్కేరాండీ?" అని అడిగింది. ఆ అడగడంలో వెటకారం లేదు.

"ఆయ్! ఒక్కళ్ళకి చీర అంచు తడిస్తే ఒట్టు. అందుకే చెబుతున్నానండి, పిల్లని చేర్పించండి. ఇదంతా ఓ లెక్కా? పంటు సంగతి వినండి. నిండా వరదండి, పంటు మీద బస్సు, బస్సులో యాభై మంది, పటుక్కున మోకు తెగింది. పంటు సముద్రం వైపు పరుగో పరుగు. దూకేను. తెగిన మోకు పళ్ళతో కరిచిపట్టి ఈదుకుంటూ వస్తోంటే, బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, సూరిబాబుగారూ, గేరు మార్చమంటారా అని అడిగేడు. వద్దు నాయనా, న్యూట్రల్లో ఉంచు, నేను లాగుతున్నాను గదా అన్నాను."

"నోట్లో మోకు పెట్టుకునే అన్నారాండీ?" ప్రభాకరరావు అడిగేడు.

"ఓ పక్కనుంచి అన్నానండి."

"ఏ నంబరు బస్సండీ?"

"ఆ వరదలో నంబరు చూస్తామాండీ, ప్రాణాలు చూస్తామా? మీరు టీ తాగండి, చల్లారిపోతోంది." సూరిబాబు కండక్టరు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. "అసలు సంగతికొస్తున్నాను. మొన్న ఎనభై ఆరు వరదలండి. గోదారి మధ్య లంక కోతకి పడింది. గట్టు విరిగి పడ్డం అందరూ చూసేరు, కానీ నేను చూసింది వేరు. లంక మొత్తం కదిలిందండి! యాభై ఎకరాలు, కొబ్బరి తోటలు, పశువుల పాకలు, పాకల్లో పడుకున్న గేదెలు, అన్నీ కలిపి మెల్లిగా అంతర్వేది వైపు వెళ్ళిపోతున్నాయి. సంఘంలో ముడులు నేర్పుతారు గదండీ, ఓ ముడేసి తాటిచెట్టుకి తాడు కట్టేను, రెండో కొస నడుముకి చుట్టుకున్నాను, కాళ్ళు తన్నిపెట్టి లాగేను. ఒక్క గేదె నిద్ర లేవలేదండి! ఊపు మీదున్నాను గదా, లంక వచ్చి దాని చోట్లో కూర్చున్నా నా చెయ్యి ఆగలేదు. లంక వెనకాల నర్సాపురం ఒడ్డు కూడా కదిలింది. ఇంకో రెండు గజాలు లాగుంటే నర్సాపురం పశ్చిమ గోదావరిలోంచి వచ్చి మన జిల్లాలో కలిసిపోయేది! కలెక్టరుగారు జీపులో వచ్చి, బాబ్బాబు, రికార్డులన్నీ మార్చాలయ్యా, వదిలెయ్ అని బతిమాలితే పోన్లే పాపమని వదిలేను."

"గోదారి కోత ఆగిందంటే ఈ కోతల పుణ్యమేనన్నమాట!" దానం బల్ల చరిచి నవ్వేడు.

వరహాలమ్మ నవ్వలేదు. చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. విజయకుమారి దరఖాస్తు పట్టుకుని వెనకే వచ్చింది.

"సూరిబాబుగారూ, లంకా వద్దు, బస్సూ వద్దు. నాకు ఒక్కతే పిల్ల. నీళ్ళలోకి దిగితే తిరిగి ఒడ్డెక్కుద్దా? అది చెప్పండి చాలు."

"నేనుండగా మీకు భయమేంటండీ! పడవలో దాని పక్కనే కూర్చుంటాను!"

"అయితే రేపు ఏడింటి పడవకి రండి. ఇద్దరూ కలిసి దాటండి. నా కళ్ళతో చూస్తాను, చూసి సంతకం పెడతాను."

"ఇవాళతో గడువు అయిపోద్దమ్మా," అంది విజయకుమారి.

"అయితే ఇప్పుడే దాటి రండి. మూడింటి పడవ రేవులోనే ఉంది."

సూరిబాబు గోదావరి వైపు చూసేడు. గ్లాసులో టీ లేకపోయినా ఓ గుక్క తాగేడు. "ఇప్పుడంటేనండీ... ఆదివారం గదా... ఎండ కూడా..."

ప్రభాకరరావు సంచీ భుజాన వేసుకుని లేచేడు. "ఆయన పడవెక్కరు వరహాలమ్మగారూ. ఆయన చెల్లెలిది నర్సాపురమే. అదిగో, ఇక్కణ్ణుంచి మేడ కనిపిస్తోంది. పడవెక్కితే పావుగంట. ఈయన మా బస్సులో రావులపాలెం వెళ్ళి, అక్కడ మారి సిద్ధాంతం వంతెన దాటి, పాలకొల్లు మీదుగా తిరిగి సాయంత్రానికి చేరతారు. రెండేళ్ళ నుంచీ టిక్కెట్లు కొడుతున్నది నేనే గదండీ. ఇదేంటండీ అంటే, నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయన్నారు."

దానం నవ్వబోయి వరహాలమ్మ మొహం చూసి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. విజయకుమారికి ఏడుపొక్కటే తక్కువ. అమ్మ ఇక సంతకం పెట్టదు.

"నాకు ఈత రాదమ్మా," అన్నాడు సూరిబాబు తల దించుకుని. ఈసారి గొంతు చిన్నది. "దస్తూరీ బాగుందని సంఘంలో రాతపనికి పెట్టుకున్నారు. నావల్ల పిల్ల ఆగిపోతే పాపమండి. మేకపిల్ల మాత్రం నిజం. అదీ ఒడ్డు మీంచే."

వరహాలమ్మ కోప్పడుతుందనుకున్నారు అందరూ.

"రోజంతా బస్సులో తిరిగెళ్తారా, పావుగంట దాటలేక?"

"ఆయ్."

"నేను రేవు మెట్టు దిగి పన్నెండేళ్ళయింది. ఈ రేవుకి మన ఇద్దరి భయం చాలండి. మూడోది దానికెందుకు?" కూతురి చేతిలో కాగితం లాక్కుంది. సూరిబాబు జేబులో కలం తనే తీసుకుని, బల్ల మీద వంగి, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కి సంతకం పెట్టింది. "ఇంకో కాగితం ఉందా?"

"ఎవరికమ్మా?"

"ఈయనకి. ముందు నువ్వు నేర్చుకో. తర్వాత ఈయనకి నేర్పుదువుగాని."

సూరిబాబు తన దరఖాస్తు తనే గుండ్రటి దస్తూరీతో రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ ఆగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు ముందుకు వంగేడు.

"అమ్మాయిగారూ, మోకాలి లోతులో కూడా నేర్పుతారాండీ?"