సగం గడ్డం డ్రైవరు

కోత అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పండి చూద్దాం పిల్లలూ. పంట కోత, సరే. కరెంటు కోత, అదీ సరే. ఇంకొకటి మిగిలింది, నోటితో కోసేది. దానికి కత్తి అక్కర్లేదు, ఎంత కోసినా తరగదు. అలాంటి కోతలు కోసే మనిషి ఒకసారి నిజం కత్తి పట్టుకున్న మనిషి ముందు కూర్చున్నాడు. ఏమైందో చెబుతాను, మధ్యలో లేవకూడదు.

అదొక చిన్న సెలూను. ఎదురుగా అద్దం, ఒక కుర్చీ, గోడవారగా బల్ల. బార్బరు నెమ్మదైన మనిషి. ఆయనకు ఒక్కతే కూతురు. కొండ అవతల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. రోజూ ఏడు గంటల బస్సెక్కి, పదకొండు మలుపులు దాటి వెళ్ళి, సాయంత్రం అదే బస్సులో తిరిగి రావాలి. ఆ దారికి ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మిగిలినంతే రోడ్డు. దాని అంచు కూడా వానకింత చొప్పున విరిగిపడుతూ ఉండేది. కూతురు బస్సు దిగి, సెలూను ముందు నుంచి చెయ్యి ఊపి ఇంటికి వెళ్ళేదాకా ఆయన ప్రాణం కుదుటపడేది కాదు.

ఒక సాయంత్రం, ఆ పిల్ల చెయ్యి ఊపి వెళ్ళిన కాసేపటికి, ఆ బస్సు డ్రైవరే గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. రెండు నెలల కిందటే ఈ దారికి మారాడు. అందరూ టాప్‌గేరు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, తనే. బల్ల మీద దర్జీ ఒకాయన, రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన వంతు కోసం కూర్చున్నారు. వినేవాళ్ళు దొరికితే టాప్‌గేరు నోరు ఊరుకుంటుందా?

“ఇవాళ నాలుగో మలుపులో ఫోనొచ్చింది. మా బావమరిది. ఎత్తకపోతే నొచ్చుకుంటాడు గదా. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్టీరింగు, అట్లాగే మాట్లాడుతూ తిప్పేశాను. అదేమంత గొప్ప కాదనుకోండి.”

నురగ పట్టిస్తున్న బార్బరు చెయ్యి ఆగింది. ఎదురుగా ఏదైనా వస్తే ఎలా అని మెల్లగా అడిగాడు.

“వచ్చింది గదా, లారీ. దాన్ని దాటుకుంటూ ఇంకో లారీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో చెయ్యి కూడా వదిలేశా. నారింజపండు ఒలుచుకోవాలి మరి. స్టీరింగు మోకాలితో తిప్పి రెండు లారీల మధ్య నుంచి దూరి వచ్చా, పోతూ పోతూ పక్క డ్రైవరుకు ఒక తొన కూడా అందించా.”

గింజ తీసి ఇచ్చారా, తియ్యకుండానా అని పోస్ట్‌మాన్ అడిగాడు. బార్బరు ఒక చెంప నున్నగా గీశాడు.

“అక్కడితో అయిపోయిందనుకుంటున్నారేమో. ఆరో మలుపులో పొగమంచు. ఏమీ కనపడట్లేదు, కళ్ళు మూసుకున్నా. కనపడనప్పుడు తెరిచి ఏం లాభం చెప్పండి, మంట తప్ప. ఎనిమిదో మలుపులో ఒకావిడ గొడుగు కిటికీలోంచి లోయలోకి జారిపోయింది. పదో మలుపుకు నేను కిందికి చేరేసరికి అది ఇంకా పైనుంచి దిగుతోంది. చెయ్యి బయటపెట్టి పట్టుకుని ఆవిడకే ఇచ్చా. ఇక పదకొండో మలుపు. ముందు ఒక బస్సు అడ్డం. హారను కొట్టా, తప్పుకోదే. తిట్టా, తప్పుకోదే. ఎవడ్రా వీడని నంబరు చూస్తే, నా బస్సే. అంత వేగంగా తిరిగేసరికి దాని వెనకభాగం నాకే అడ్డమొచ్చింది.”

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. మరి లోపల జనం సంగతేమిటని పోస్ట్‌మాన్ అడిగితే, నలభై మంది ఉన్నారనీ, ఒక్కరు కిక్కురుమంటే ఒట్టనీ చెప్పాడు టాప్‌గేరు.

ఆ నలభైలో ఒకరు బార్బరు కూతురు. ఆయన చెవికి పండూ, గొడుగూ ఎక్కలేదు. మొదట విన్న ఫోను దగ్గరే మనసు ఆగిపోయింది.

గొంతు దగ్గర గీయాల్సిన వేళైంది. ఆయన కత్తిని డ్రైవరు గొంతుకు ఆనించి, తల పూర్తిగా వీధివైపు తిప్పాడు. అక్కడ ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు, వాళ్ళను చూస్తూ నిలబడ్డాడు. ఎడమచేత్తో జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

“చెప్పు బావా. ఖాళీగానే ఉన్నా. గడ్డం గీస్తున్నానంతే.”

మీరు భయపడకండి. ఆయన ఆనించింది కత్తి వీపు, పదును అవతలి వైపుంది. ఆ సంగతి కుర్చీలో ఉన్న మనిషికెలా తెలుస్తుంది? అద్దంలో తన గొంతూ, కత్తీ, పక్కకు తిరిగిన తలా చూసి కొయ్యబారిపోయాడు. ఉమ్మి మింగడానికి కూడా భయమే.

“అన్నా, ఇటు చూడన్నా,” అన్నాడు పెదవి కదపకుండా.

“చూడక్కర్లేదు తమ్ముడూ, పాతికేళ్ళ చెయ్యి. అయినా ఈ కొట్లో కోతలు కొయ్యాల్సింది నేను.”

“అన్నీ ఉత్తుత్తివేనన్నా. పండు లేదు, గొడుగు లేదు, కళ్ళు నేనెప్పుడూ ముయ్యలేదు.”

“ఫోను?”

అబద్ధమాడటానికి అంత మంచి సమయం ఆ మనిషికి మళ్ళీ దొరకదు. ఆడలేకపోయాడు. అద్దంలోంచి చూపు దించుకున్నాడు.

దర్జీ ముఖంలో నవ్వు చచ్చిపోయింది. పోస్ట్‌మాన్ బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. అన్నిట్లోకీ చిన్నదీ, విన్నవాళ్ళెవరూ పట్టించుకోనిదీ, అదొక్కటే నిజం.

బార్బరు కత్తి మడిచి సొరుగులో పెట్టేశాడు. తువ్వాలుతో నురగ తుడిచాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప పొదలా ఉంది.

“నీలం సంచి పట్టుకుని నీ వెనక సీట్లో కూర్చునే పిల్ల నా కూతురు. రేపు సాయంత్రం తను వచ్చి, డ్రైవరు ఫోను ముట్టలేదని చెబితే మిగతాది గీస్తాను.”

మర్నాడు ఆ పిల్ల సెలూను మెట్లెక్కుతూనే నవ్వుతూ చెప్పింది. డ్రైవరు సగం గడ్డంతో వచ్చాడట, బస్సంతా ఒకటే నవ్వట. అతని ఫోను ఐదుసార్లు మోగి మోగి ఆగిందట. దానివైపు చూడను కూడా చూడకుండా, ప్రతి మలుపుకూ ముందు హారను కొట్టి నిదానంగా తిప్పాడట.

ఏమిటే, చెయ్యెత్తావు? మిగతా సగం ఇంట్లోనే గీసుకోవచ్చు కదా అనా? మంచి ప్రశ్న. గీసుకోవచ్చు. అతని ఇంట్లో అద్దమూ ఉంది, బ్లేడూ ఉంది. బస్సెడు జనం నవ్వుతారని తెలిసీ ముట్టుకోకుండా అలాగే వచ్చాడు. ఎందుకో మీలో మీరు మాట్లాడుకుని తేల్చండి. బకెట్లో ఇంకా మూడు తడి దుప్పట్లున్నాయి, ఎండ పోకముందే ఆరేసి వస్తాను.