టపా డబ్బాలో చెయ్యి

బయ్యారం అవతల సారయ్య చేను. రాత్రి వానకు నేల పదునెక్కింది. జీతగాడు బీక్యా అరక కట్టి సాళ్లు తీస్తున్నాడు. రోడ్డు మీద జనగామ నుంచి వచ్చిన శవం బండి ఆగి ఉంది. అందులోంచి దిగి వచ్చిన అన్న కొడుకు అభిలాష్‌ను సారయ్య గట్టు మీదే ఆపాడు. ఆయన భార్య కొమురమ్మ నీళ్ల చెంబుతో పక్కనే ఉంది.

"గట్టు దిగకు. ఆడనే నిలవడి మాట్లాడు."

"నిలవడ్డ చిన్నాయినా. చేన్ల అడుగు వెడ్తలేను. మా బాపుకు గీ చేన్ల తాత గోరి పక్కపొంట జర జాగ ఇయ్యి. గంతే."

"మీ బాపుకు జనగామల జాగ దొరకలేదా? ఇల్లు గట్టిండు. పెద్ద నౌకరి చేసిండు. దొరకలేదా?"

"దొరుకుతది. కని తాత కాళ్లకాడ వెట్టుమన్నడు. మాట వోయే ముందు అడిగింది గదొక్కటే."

"మాట ఉన్నప్పుడు అడుగకపాయె."

"అయ్యో, ఏం మాటలయ్యా గవి! కొడుకా అభిలాషూ, నువ్వు రా. ఇగో, గొంతు తడుపుకో. పొద్దటిసంది ఏమన్న తిన్నవో లేదో."

"కొమురమ్మా, చెంబు కింద వెట్టు."

"వెట్ట. మా బావ సచ్చిపోయి రోడ్డు మీద ఉన్నడు. మనకు మైల గాదా? ముందుగాల గా బీక్యాను అరక ఇప్పుమను."

"ఏం మైల? ఎవనికి మైల? ఆయన మాకు పాలోడు గాడు, పగోడు గాడు. ఒరే బీక్యా, ఆగినవేందిరా? కొట్టు!"

"పటేలా, ఎదురుంగ పీనుగు ఉన్నది..."

"పీనుగుతోని నీకేం పని? కొట్టు. పదును వోతది."

"చిన్నాయినా, పదును గురించి తర్వాత..."

"తర్వాతనా? నువ్వు భూపాలపల్లిల కుర్చీల కూసునే మనిషివి. నీకేం తెలుస్తది పదును? గీ వాన కోసం నెలసంది మొగులు దిక్కు చూస్తున్న. గిప్పుడు దినాలని చేతులు ముడుచుకుంటే భూమి ఎండుతది. ఈ యేడు ఏం తినాలె? మీ బాపు సచ్చిపోయిండని మన్ను తినాల్నా?"

"నేను అరక ఆపుమన్ననా? జాగ అడిగిన."

"ఒక్కటే గది. జాగ ఇస్తే అన్న అన్నట్టు. అన్న అంటే మైల. మైల అంటే అరక ఆగాలె. నాకు అన్న లేడు. తెలిసిందా? ఇగ పో."

"ఇదేందయ్యా! కాటారం నుంచి మా అవ్వగారింటోళ్లు వచ్చి నలుగురిల అడిగితె ఏం చెప్పాలె నేను? బావ పీనుగును చేని కాడికెళ్లి మర్లేసినం అని చెప్పాల్నా?"

"చెప్పు. సారయ్య మర్లేసిండని చెప్పు. నా పేరు చెప్పు."

"మా బాపు నీకు ఏం చేసిండు చిన్నాయినా? నేను ఎన్నోసార్లు అడిగిన. అమ్మ 'తెల్వది బిడ్డా' అంటది. బాపు పేపర్ చదువుతున్నట్టు చేస్తడు. ఏం చేసిండు?"

"ఏం చెయ్యలే. గదే చేసిండు."

"గిది మాట గాదు."

"మరి విను. మీ తాత పెద్దోన్ని చదివిచ్చిండు. నన్ను మూడో తరగతిల బడి మానిపిచ్చి మేడి చేతికిచ్చిండు. 'అన్నను చదువనియ్యి, నువ్వు నాగలి వట్టు' అన్నడు. వట్టిన. ఏమన్ననా?"

"ఏమనలే."

"ఆయన రైల్ల టపా డబ్బా ఎక్కిండు. రైలు ఉరుకుతాంటె నిలవడి ఉత్తరాలు తీసి గూళ్లల్ల ఇసురుడు. గదీ నౌకరి! గూళ్లల్ల మేము కోళ్లను కమ్ముతం."

"గా ఉత్తరాలు ఇసిరే మమ్ముల సాదిండు చిన్నాయినా. నిలవడి నిలవడి కాళ్ల నరాలు ఉబ్బినయి."

"నావి ఉబ్బలేదా? ఇగో, చూడు. చూడరా! చూడవేంది?"

"చూసిన."

"మీ బాపు మొదటి జీతం వచ్చేదాక జనగామకు వడ్లు ఎవరు మోసిండ్రు?"

"నువ్వే. బాపు చెప్పిండు."

"చెప్పిండా? గది చెప్పిండా?"

"ఒక్కసారి గాదు. బువ్వకు కూసున్నప్పుడల్లా చెప్పేటోడు."

"...చెప్తే చెప్పిండు."

"పిల్లగానికి పెద్ద చెయ్యి ముచ్చట ఎరికేనో లేదో, అడుగు."

"ఎరికే చిన్నమ్మా. పెద్దకొడుకు చెయ్యి వడంది తాత గింజను భూమిల వొయ్యకపోయేటోడు. వాన వడ్డప్పుడే బాపుకు సెలవు దొరకకపోయేది. గందుకని తాతనే విత్తనాల సంచి వట్టుకొని మానుకోట టేషన్‌కు పోయేటోడు. రైలు ఆగంగనే టపా డబ్బా కిటికీ కాడ సంచి లేపి వట్టేటోడు. బాపు ఊచలల్లకెళ్లి చెయ్యి వెట్టి గింజలు కలిపేటోడు."

"కలిపేటోడు! కూత వెట్టంగనే చెయ్యి లోపటికి వోయేది. ఎవుసం అయిపాయె. మిగిలింది మేము చెయ్యాలె."

"తాతకు మోకాళ్లు వోయినంక నువ్వే తీస్కపోయినవట."

"పోయిన. తిట్టుకుంటనే పోయిన."

"మరెందుకు బందు వెట్టినవు?"

"నేను బందు వెట్టిన్నా?"

"మరుసటి యేడు గూడ బాపు మానుకోటల కిటికీలకెళ్లి చెయ్యి బయటికి వెట్టి నిలవడ్డడట. రైలు కదిలినంక గూడ తియ్యలేదట. నువ్వు రాలే."

"ఎందుకొస్త? ఆ కిటికీల ఎవని చెయ్యి ఉంటదో ఏమెరుక!"

"అంటే?"

"ఏం లేదు. బండి మర్లేసుకపో."

"అంటే ఏంది చిన్నాయినా?"

"పో అంటున్న!"

"చెప్పయ్యా. ఇన్నేండ్లు నీతోని కాపురం చేసిన. నాకు గూడ ఒక్కనాడు చెప్పకపోతివి. ఇగ ఎవరికి చెప్తవు, మన్నుకు చెప్తవా?"

"...దాని ముందటి యేడు మిరుగు కార్తె ఎండ వోయింది. గింత వాన వడ్డది, ఒక్కటే వాన. సంచి వట్టుకొని ఉరికిన. రైలొచ్చింది. సంచి లేపిన. చెయ్యొచ్చింది. మీ బాపు బొటనేలు మీద కొడవలి గాటు ఉంటది. చిన్నప్పుడు నాతోని గడ్డి కోసేటప్పుడు తెగింది. గా చేతికి గాటు లేదు. ఉంగరం ఉన్నది. ఎవడో పరాయోడు! నా గింజలల్ల పరాయోని చెయ్యి!"

"ఆ పొద్దు బాపు డ్యూటీల లేడేమో అనుకోకపోయినవా?"

"లేకుంటే నాకు బాధ లేకపోయేది. ఉన్నడు! లోపట గూళ్ల దిక్కు మొకం వెట్టి నిలవడ్డడు. నా దిక్కు ఈపు. 'అన్నా' అన్న. తిరుగలే. 'ఓ అన్నా' అని మొత్తుకున్న. టేషనంత ఇన్నది. ఆయనకు ఇనవడలే. తమ్ముని గింజలు ముట్టుకుంటే చెయ్యి మాసిపోతదనుకున్నడు. తోటి నౌకర్ల ముందట సిగ్గయింది."

"గింజలు ఏం చేసినవు?"

"పట్టాల మీద గుమ్మరిచ్చిన. దుకాణంల వేరేయి కొనుక్కొచ్చి నా చేత్తోని వోసిన. మొలువలేదా? మంచిగనే మొలిచినయి. గప్పటిసంది ఈ చేనుకు పెద్ద చెయ్యి లేదు, పెద్దన్న లేడు."

"ఒక్క మాట అడిగితె అయిపోయేది గదా, ఎందుకు గట్ల చేసినవని."

"ఎందుకడుగాలె? మనిషైతే అడుగుతం. ఆ యేడే నీ ముందు పుట్టిన పసిబిడ్డ సచ్చిపోతే మాకు ఎప్పుడు కబురు చేసిండు? పూత వట్టినంక! మీ చిన్నమ్మ గీడ తొట్లెకు గుడ్డలు కుట్టుకుంట కూసున్నది. ఆడ బిడ్డ మట్టిల గలిసింది. తమ్మునికి చుట్టాలకన్న ముందుగాల చెప్తరు. మేము చుట్టాలకన్న గూడ కిందికి వోయినమా?"

"గది మాత్రం నిజమే కొడుకా. ఆ బాధ నాకు గూడ కడుపుల ఉన్నది. స్రవంతి అని పేరు అనుకున్నం. మొకమన్న చూడకపోతిమి. ఎందుకు చెప్పలేదురా మీ బాపు?"

"చిన్నమ్మా... ఆ రెండు ఒక్కనాడే."

"ఏంది రెండు?"

"అక్క పోవుడు, చిన్నాయిన ఆ ఉంగరం చెయ్యి చూసుడు. ఒక్కనాడే. పొద్దుగాల అక్కను జనగామల పూడ్చివెట్టి పగటీలి డ్యూటీ ఎక్కిండు. పోవద్దని అమ్మ కాళ్లు వట్టుకున్నదట. 'తమ్ముడు గింజలు వట్టుకొని టేషన్ల నిలవడి ఉంటడు, నేను వోకుంటె ఎట్ల' అన్నడట."

"వోయినోడు చెయ్యెందుకు వెట్టలే మరి?"

"మైల చెయ్యి గింజలల్ల ఎట్ల వెడ్తడు చిన్నాయినా?"

"అయ్యో, నా బావా!"

"నీకు చెప్తే మీకు గూడ మైలనాయె. తెలిసినోళ్లకే గద మైల. అరక ఆగుతది. ఉన్న ఒక్క వాన వోతది. గందుకని తోటాయనను బతిమిలాడి చెయ్యి వెట్టిచ్చిండు. తిరిగి నీ మొకం చూస్తే ఏడుపు ఆగదని గూళ్ల దిక్కు మర్రిండు. పైరు నిలిచి పూత వట్టేదాక మీకు కబురు చెయ్యొద్దని అమ్మతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

"అబద్ధం."

"అమ్మ బండిల ఉన్నది. అడుగు."

"అన్నీ కతలు. జాగ కోసం కతలు."

"నువ్వు ఆ చెయ్యి చూసి అలిగినవని మాకెవ్వలకు తెల్వదు. గిప్పుడే నీ నోట విన్న. బాపుకు గూడ తెల్వదు. సచ్చేదాక ఒక్కటే మాట. 'తమ్ముడు మళ్ల టేషన్‌కు ఎందుకు రాలే?' అనేటోడు."

"వదినె... వదినె బండిలనే ఉన్నదా?"

"ఉన్నది. నువ్వు పిలిస్తెనే దిగుతనన్నది."

"పిలువయ్యా. నోరు తెరువు. గిప్పుడన్న తెరువు."

"నన్ను జర ఆగనియ్యి."

"ఎన్నేండ్లు ఆగుతవు ఇంక?"

"చిన్నాయినా, మొగులు కమ్ముతున్నది. అమ్మ పొద్దటిసంది గా బండిలనే కూసున్నది. ఇస్తే ఇస్తనను. లేదంటే జనగామకు మర్లుతం. ఒక్క మాట చెప్పు."

"బీక్యా! ఓ బీక్యా! అరక ఇప్పురా."

"ఇప్పుతున్న పటేలా. మరి విత్తనాల సంచి?"

"నువ్వే తీస్కపో. కొమురమ్మా, నువ్వు గూడ ముట్టకు. మా అన్న పోయిండు."