తట్టేవాళ్ళూ తట్టుకునేవాళ్ళూ

లాండ్రీ వెనకగదిలో బావ, మరదలు. ఇద్దరి వృత్తీ ఉతకడమే: ఆయన బట్టల్ని ఉతుకుతాడు, ఆవిడ కొట్లాట పోటీల బోనులోకి దిగి సాటి ఆడవాళ్ళని. ముందుగదిలో కౌంటర్ దగ్గరున్నది ఆయన భార్య, ఈవిడ అక్క.

"...కాబట్టి నేననేదేమిటంటే, తట్టేవాళ్ళని ఆటలోంచి తీసెయ్యాలి. ఏడాదీ రెండేళ్ళూ కాదు. జీవితకాలం."

"తట్టడం ఆటలో రూలే బావా. ఇక నావల్ల కాదనుకుంటే ఎదుటి మనిషి ఒంటిమీద చేత్తో రెండుసార్లు తడతాం. ఓడిపోయామని అర్థం. వదిలేస్తారు. ఎముక మిగులుతుంది."

"ఎముక మిగులుతుంది, వెన్నెముక పోతుంది."

"బాగుంది."

"బాగుంటే రాసుకో. మొన్నటి పోటీలో ఆ పొడుగాయన్ని చూశావా? అలా మెడ పట్టుకున్నారో లేదో, టపటపమని తట్టేశాడు. పక్కింటి తలుపు తట్టినట్టు. ఎవరు కావాలండీ అని అడగబోయాను."

"మెడ అలా బిగిస్తే మెదడుకి రక్తం ఆగిపోతుంది."

"మెదడే ఉంటే, మెడ ఇవ్వకూడదని ముందే తట్టేది. బుర్రకి తట్టనివాళ్ళే చేత్తో తడతారు."

"సరే. బావా, నేనొచ్చింది ఎందుకంటే..."

"ఉండు, ఈ కాలర్ ఒకటి అవనీ. ఇంకో సంగతి. మీ ట్రైనింగు. పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్లు పరిగెడతావట. దేనికి? ఆ బోను ఇటునుంచి అటు ముప్ఫై అడుగులుంటుందా? అందులో ఎక్కడికి పారిపోదామని?"

"ఊపిరి కోసం."

"ఊపిరికి పరుగెందుకు. నేను నిలబడిన చోటే పీలుస్తున్నాను."

"నాలుగు మెట్లెక్కితే రొప్పుతావు."

"అది రొప్పు కాదు. లోపల అభిప్రాయాలు తోసుకుంటున్నాయి. ఆ బరువు తగ్గడం ఒకటి. పోటీకి ముందురోజు వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని నాలుగు కిలోలు పిండించుకుంటారు. నా మెషిన్లో గోనెపట్టాని కూడా నేనంత పిండను. తర్వాత ఆ నేలమీద దొర్లడం. ఇద్దరు మనుషులు ఒకరి కాళ్ళలో ఒకరు చేతులు దూర్చుకుని పది నిమిషాలు. జనం దాన్ని కుస్తీ అంటారు. నేను డబుల్ బెడ్ దుప్పటి ఒంటిచేత్తో మడతెయ్యడం అంటాను."

"నువ్వెప్పుడన్నా ఒక్కసారి చేశావా బావా, ఇందులో ఒక్కటన్నా?"

"చేసేవాళ్ళకి నొప్పి ఉంటుంది, అభిప్రాయం ఉండదు. నాకు నొప్పి లేదు గనక అభిప్రాయం స్వచ్ఛంగా ఉంటుంది. ఉతికినట్టు."

"శనివారం ఖాళీయేనా?"

"శనివారమా?"

"ఊఁ."

"ఈ శనివారమా?"

"నా పోటీ ఉన్న శనివారం."

"అదే చూస్తున్నాను. హోటల్ దుప్పట్లున్నాయి. నూట ఎనభై."

"పోటీ సాయంత్రం."

"అవి సాయంత్రమే ఆరతాయి."

"అక్క చెప్పింది, దుప్పట్లు సోమవారానికి ఇస్తే చాలట."

"మీ అక్కని కౌంటర్లో కూర్చోబెట్టాను చూడు, అదీ నా తప్పు. రోజూ ఎన్‌కౌంటరే."

"ఇక్కడికి వినబడుతోందండీ."

"వినబడాలనే అన్నానోయ్. నువ్వు ఆ చీటీలు చూసుకో."

"బావా, ఈసారి నువ్వు జనంలో కూర్చోవద్దు. నా మూలలో కూర్చో. బోను పక్కన కోచ్‌కి ఒక కుర్చీ, ఇంకో మనిషికి ఒక కుర్చీ ఇస్తారు. ఆ రెండోది నీకు."

"నన్ను మూల కూర్చోబెడతానంటావు."

"గౌరవం బావా. దానికి జనం కొట్టుకు ఛస్తారు."

"ఛస్తే వాళ్ళకే ఇవ్వు. చూడు కోతీ, అభిమాని అన్నవాడు దూరంగా ఉండాలి. దూరం నుంచి అన్నీ కనిపిస్తాయి. దగ్గరికెళ్తే చెమట తప్ప ఇంకేం కనపడదు. ఇది నా అభిప్రాయం."

"అందరూ అడుగుతున్నారు. ‘తట్టుకో’ బావ ఈసారి వస్తాడా అని. మా జిమ్ములో గోడనిండా నీ మాటే. కోచ్ స్వయంగా రంగేసి రాశాడు, నా ఎత్తున, ‘తట్టుకో’ అని. కొత్తగా చేరిన పిల్లలు దానికి దణ్ణం పెట్టి లోపలికి పోతున్నారు."

"పెట్టకపోతే ఏం. సున్నం కొట్టించెయ్యమను."

"నీ బోర్డుకి కూడా కొట్టించమంటావా? ‘తట్టుకో బావ లాండ్రీ. మా ఉతుకుని ఏ మురికీ తట్టుకోదు.’"

"అది వ్యాపారం."

"వచ్చిన ప్రతి మనిషికీ చెప్తావటగా ఆ కథ. ఆఖరి రౌండు, ఇంకా ఇరవై సెకన్లు, మా మరదలి చెయ్యి ఆ కొక్కెం అనే పిల్ల కాళ్ళమధ్య చిక్కుకుపోయింది..."

"ఇప్పుడదెందుకులే."

"...మోచెయ్యి వెనక్కి విరుస్తోంది, హాలంతా లేచి నిలబడింది, కోచ్ నోరు పెగల్లేదు, అప్పుడు నేను లేచి ఒక్క అరుపు అరిచాను..."

"అదెందుకే ఇప్పుడు అంటే."

"ఏమండీ, రోజుకి మూడుసార్లు చెప్తారు కదా, నాకే కంఠతా వచ్చింది. ఇవాళేమయింది?"

"నువ్వు చీటీలు చూసుకోవోయ్. కోతీ, డాక్టరు దగ్గరికెళ్ళావుగా నిన్న. ఏమన్నాడు?"

"మామూలే."

"మామూలే అంటే?"

"ఆడొచ్చన్నాడు."

"ఆడొచ్చని ఊరుకున్నాడా?"

"ఊరుకుంటాడా. ఏడు నెలలయింది, చాలావరకు అతుక్కుంది, గుద్దు, తన్ను, ఏమన్నా చేసుకో అన్నాడు. కాకపోతే ఆ చెయ్యే మళ్ళీ ఆ పట్టులోనే చిక్కి విరిగితే ఇక చాపడం ఉండదన్నాడు. ఎంతవరకు మడత ఉంటే అంతవరకేనట. జన్మంతా."

"మడత."

"అదే మాటన్నాడు."

"ఈసారీ ఆ కొక్కెంతోనేగా?"

"ఆమెతోనే. ఆమెకి వచ్చిన పట్టూ అదొక్కటే. నేరుగా ఈ చేతికోసమే వస్తుంది."

"మానెయ్యి."

"ఇది నా ఉద్యోగం బావా. హోటల్‌వాళ్ళు మురికి దుప్పట్లు పంపారని నువ్వు మానేస్తావా?"

"సరే, మానకు. చిక్కితే మాత్రం తట్టెయ్యి. అలా పట్టు పడిందా, ఇలా తట్టెయ్యాలి. ఆలోచించకూడదు."

"తట్టేవాళ్ళని జీవితకాలం తీసెయ్యాలన్నావు."

"అది బయటివాళ్ళని."

"వెన్నెముక పోతుందన్నావు."

"నేను జనరల్‌గా మాట్లాడాను. అభిప్రాయం వేరు, మరదలు వేరు."

"నాకు తట్టడం రాదు బావా. నిజంగా చెప్తున్నాను. ఆ టైముకి చెయ్యి లేవదు. పద్నాలుగు పోటీల్లో ఒక్కసారి తట్టి ఎరగను."

"తట్టడానికి కోచింగ్ కావాలా? దోమ వాలితే తట్టవూ?"

"దోమ ముందు పరువు పోదు కదా. అందుకే, శనివారం నువ్వు మూలలో కూర్చో. చిక్కానంటే ఆ ఒక్క మాట అను. పోయినసారిలాగే. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏ మాట?"

"తట్టుకో."

"నేననను."

"ఎందుకు?"

"గొంతు బాలేదు."

"నేనొచ్చిన దగ్గర్నుంచీ వాగుతూనే ఉన్నావు."

"అందుకే బాలేదు."

"బావా."

"ఇద్దరు మనుషుల మధ్యలో మూడో మనిషి అరవకూడదు. అది ఆట ధర్మం. ఇదీ నా..."

"అభిప్రాయం. తెలుసు. ఇటు చూడు. ఎందుకు అననంటున్నావు?"

"ఏమండీ, చొక్కా మాడుతోంది. వాసన కౌంటర్ దాకా వస్తే లేచొచ్చాను."

"మాడనీ."

"స్విచ్ తీసి అవతల పెట్టండి. పెట్టారా? ఇక దానికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏం చెప్పాలక్కా?"

"ఆ రోజు ఈయన పక్కన కూర్చున్నది నేనే. ఈయన నా మణికట్టు పట్టుకున్న పట్టుకి నాకూ తట్టాలనిపించింది. చెప్పండి, మీ నోటితోనే. అది శనివారం మళ్ళీ ఆ బోనులోకి పోతోంది."

"నేను చెప్తానులే. నువ్వు కౌంటర్ దగ్గరికి... సరే, ఉండు. నువ్వూ ఉండు. కోతీ, నిన్ను నేనేమని పిలుస్తాను?"

"ఏమిటా ప్రశ్న? ఇప్పుడు పిలిచావుగా."

"ఎప్పట్నుంచి?"

"మీ పెళ్ళప్పట్నుంచి. మా అక్కని నీతో పంపనని బీరువా ఎక్కి కూర్చున్నాను, నువ్వు నిచ్చెనేసుకుని దింపావు. ఎనిమిదేళ్ళు నాకు."

"ఆ రోజు నేనన్నది ఒక మాట కాదు. రెండు."

"ఆహా."

"జనం హోరు నీకు తెలుసుగా. నేను మొత్తం అరిచాను. చివరి అక్షరం హోరులో కొట్టుకుపోయింది. మొదటిది తట్టు. రెండోది నువ్వు."

"అంటే?"

"‘తట్టు, కోతీ’ అన్నాను."

"మరి ‘తట్టుకో’?"

"‘తట్టుకో’ అని నేను జన్మలో అనలేదు. ఆ ‘తీ’ ఎటు పోయిందో నాకు తెలీదు. గంట కొట్టారు, నువ్వు గెలిచావు, నిన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తూంటే ఎవడో మైకు పెట్టాడు, మా బావ ‘తట్టుకో’ అన్నాడు, తట్టుకున్నాను అన్నావు. మర్నాడు పేపర్లో వచ్చింది. నా మెళ్ళో దండేశారు. దండ వేస్తూంటే, అయ్యా, ఒక అక్షరం తగ్గింది అని ఎలా చెప్పను? బోర్డు రాయించాను."

"తట్టడమంటే నీకు పరమ అసహ్యం కదా బావా."

"ఆ హాల్లో మొట్టమొదట తట్టింది నేనే. నువ్వు తట్టడంలేదని నీ బదులు నేను తట్టాను. ముందు కుర్చీ మీద."

"కుర్చీ కాదు. ముందు కూర్చున్నాయన వీపు. నలభైసార్లు తట్టారు. ఆయన వెనక్కి తిరిగి, వదిలేశానండీ, నేనేం పట్టుకోలేదు అన్నాడు కూడా."

"నవ్వకే. నువ్వూ నవ్వకు. నెలల తరబడి ఆ చేతికి కట్టు చూశాను. అన్నం స్పూనుతో ఎడంచేత్తో తినడం చూశాను. చూస్తూ ఎదురుగా కూర్చుని వాడు తట్టాడు, వీడు తట్టాడు అని లోకంలో అందరినీ తిట్టాను. ఎందుకంటే అది ఆపితే ఇది బయటికొస్తుంది. నీ చెయ్యి ఆ కొక్కెం విరవలేదు. నేను విరిచాను. సగం మాటతో."

"బావా..."

"ఆగు. ఇప్పుడు నన్ను బోను పక్కన కూర్చోమంటున్నావు. కూర్చుంటే నా నోట్లోంచి అదే వస్తుంది, నీకు ఇదే వినబడుతుంది. గోడమీద కూడా ఇదే ఉంది మరి. ఈసారి చెయ్యి మడతలో ఉండిపోతుంది. నేను రాను. తిట్టు, ఉతికి ఆరెయ్యి, బోర్డు పీకించు. ఆ కుర్చీ మాత్రం నాకొద్దు."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇదిగో. సంచీలోది తియ్యి."

"తువ్వాలు. శుభ్రంగానే ఉంది. దీన్ని ఏం ఉతకను?"

"ఉతకడానిక్కాదు. శనివారం నీ చేతిలో ఉండాలి. మూలలోంచి అది లోపలికి విసిరితే రిఫరీ పోటీ ఆపేస్తాడు. నేను తట్టినట్టే లెక్క."

"అది కోచ్ పని."

"పదకొండేళ్ళలో కోచ్ ఒక్కసారి విసరలేదు. మొహం తుడుచుకోవడానికే తెస్తాడు. దాన్ని గొప్పగా చెప్పుకుంటాడు కూడా."

"నేను విసిరితే నువ్వు ఓడిపోతావు."

"ఓడిపోతాను."

"నన్ను తిడతావు."

"నెల తిడతాను. రెండు చేతులూ తిప్పుతూ తిడతాను."

"మరి ఇందాకట్నుంచీ తట్టుకో అను, తట్టుకో అను అని నా ప్రాణం తీశావేం? నేను సరేనని ఉంటే?"

"సరేనంటే తువ్వాలు సంచీలోనే ఉండేది. నా చెయ్యి చూసి భయపడ్డానని ఇంట్లో ఒప్పుకోలేనివాడు అంతమంది ముందు ఏం విసురుతాడు? ఏడు నెలలు ఆగాను, నువ్వే చెప్తావని."

"ఆగడమేమిటి? ఏం తెలుసని ఆగావు? జనం హోరులో..."

"పదిహేడేళ్ళుగా పిలుస్తున్నావు, నీ గొంతులో నా పేరు నాకు తెలీదా? ఆ రోజే వినబడింది బావా, ‘తీ’తో సహా. వినబడింది. నేనే వినలేదు."