మేస్త్రీ గడ్డం

ఒకే కుర్చీ ఉన్న క్షవరం షాపు. తాపీ మేస్త్రీ మెడకు గుడ్డ చుట్టించుకుని, తల వెనక్కి వాల్చాడు.

"కదలకన్నానా మేస్త్రీ? తెగిందంటే ఊరంతా నన్నే అంటారు."

"తెగితే తెగనీ అన్నా. అటు చూడు, టీకొట్టు దగ్గర అయిదుగురు నిలబడి మనకేసే చూస్తున్నారు. పాపం, వాళ్ళ ముచ్చట తీరనీ."

"తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. చూసి చూసి వాళ్ళ గడ్డాలూ నెరిశాయి. గడ్డం పైకెత్తు."

"వదినేమంటోంది?"

"నువ్వొచ్చిన ప్రతిసారీ అనేదే. 'మన పిల్లాణ్ణి చంపినవాడి తండ్రికి నురగ రాసొచ్చావా' అంటుంది. ఇక రాత్రిదాకా నాతో మాటలుండవు. మరి మీ ఆవిడ?"

"మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. జైల్లో ఉన్నవాడి కంచం మాత్రం రోజూ కడిగి బోర్లిస్తుంది."

"మా ఆవిడ మావాడి కంచం దాచేసింది. కంటబడితే ఏడుపొస్తుందని."

"దాచినా కళ్ళ ముందే ఉంటుంది అన్నా."

"అదిగో, గుటకేశావు. కత్తి గొంతు మీదున్నప్పుడు గుటకలేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"సర్లే, సర్లే. అన్నా, రేపు..."

"ఏంటి రేపు?"

"ఏం లేదు. రేపు ఎండెలా ఉంటుందోనని."

"క్షమాభిక్ష అర్జీ వెళ్ళిందట, రేపు కలెక్టరాఫీసుకి నన్ను రమ్మన్నారు. నీ కొడుకుని ఉరి తీయమంటానో, క్షమించమంటానో చెప్పాలట. నువ్వేమో ఎండ సంగతి అడుగుతున్నావు."

"ఎలా అడగను? గొంతు నీ చేతికిచ్చి అడిగితే, ప్రాణభయంతో అడిగినట్టుంటుంది."

"అంటే భయం లేదా నీకు?"

"ఉంటే నీ షాపుకే ఎందుకొస్తాను?"

"మిగతా షాపులవాళ్ళు నీకు గడ్డం గీయం పొమ్మన్నారు కాబట్టి."

"అది మొదటి ఏడు. తర్వాత అందరూ రమ్మన్నారు."

"మరి?"

"వదిలేయ్ అన్నా."

"చెప్పు. చెప్పకపోతే సగం గడ్డంతో ఇంటికి పంపిస్తా."

"ప్రాణానికి ప్రాణం అన్నారుగా కోర్టులో. అదేదో నాదే తీసుకుంటే సరిపోతుందేమోనని. ఒక్కసారి నీ చెయ్యి జారితే నీ కడుపుమంట చల్లారుతుంది, మావాణ్ణి బతకనిస్తావేమోనని."

"తొమ్మిదేళ్ళూ అందుకా వచ్చావు?"

"గడ్డం కూడా నున్నగా గీస్తావులే."

"పిచ్చి మేస్త్రీ. మొదటి రోజే తెలుసు నాకు."

"తెలుసా? ఎలా?"

"ఆ రోజు నీకు నురగ రాసింది గడ్డం గీయడానికి కాదు కనక. ఇక్కడ, ఇదిగో, ఈ నరం మీద కత్తి పెట్టాను. నువ్వు కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, అలాగే పడుకున్నావు. చెయ్యి రాలేదు నాకు. నా చేత్తో నేను చేయలేకపోయిన పని, రేపు నా పేరు చెప్పి ఇంకొకడి చేత ఎలా చేయించమంటావు?"