ఒక కార్డుకి ఒకే షీటు

గున్నమ్మ ఎవులని కదేటే అడిగినావు? ఇలా కూకో రజనీ. నీకు తెలుగు సగమే తలకెక్కుతాది, హిందీలో సెప్పమంటే నాను సెప్పనేను. నాకు హిందీలో తిట్లు మట్టుకే వొచ్చు. ఈ ముచ్చటికి అవే కావాల. తొంభైరెండో, మూడో, మేం క్యాంప్ టూ బస్తీలో ఉండీవోళ్లం. మీ తాతకి ఉక్కు ప్లాంటులో పర్మనెంటు నౌకరీ. గోడవతల గున్నమ్మ, దాని మొగుడు బలరాం. ఆడిది ఠేకేదారు, అదే కాంట్రాక్టరు కింద పని, ఇయ్యేల ఉంటే రేపు లేదు. గున్నమ్మ ఎండుచేపలు వేయించినాదంటే సందంతా తలుపులేసుకునీవోరు. ఇదేమో కిటికీ ఇంకా బార్లా తెరిచీది. అలాటి మనిషి. నలుగురు గుంటలు పుట్టీసరికి తెల్లగా పాలిపోనాది. ఓ డాక్టరమ్మ సూసి, 'ఒంట్లో రగతం లేదు, ఇంకో కాన్పొస్తే బతకవు' అన్నాది. టానిక్కు రాసినాది గాని, కాన్పు రాకుండా ఏటి చెయ్యాలో సెప్పిందా? బలరాంతో అంటే, 'అవన్నీ ఆడోళ్ల గొడవలు' అనీసి దుప్పటి ముసుగెట్టినాడు.

ఏటీ, కాన్పు రాకుండా బిళ్లలు కొనుక్కోవచ్చు కదా అంటావా? మందులషాపోడు ఆడదాని చేతికిచ్చీవోడా? 'మొగుణ్ణి పంపు' అనీవోడు. మా సందు మొగన ఎవులో ట్రస్టోళ్ల దవాఖానా ఉండీది. పిల్లలొద్దనుకున్నోళ్లకి బిళ్లల షీటు ఊరికే ఇచ్చీవోరు. ఊరికే అంటే, కార్డుండాలి. కార్డు పక్కా నౌకరీ ఉన్నోళ్లకే, మాకుండీది, గున్నమ్మకి లేదు. ఏం, ఠేకా మనిషి పెళ్లానికి కడుపు రాదేటి? దాన్ని ఎంటబెట్టుకుని నానే ఎల్లినాను. కిటికీలోంచి కాంపౌండరు 'ఏక్ కార్డ్, ఏక్ పత్తా' అన్నాడు, కార్డుకి ఒకే షీటంట. 'ఇంకో షీటియ్యి బాబూ, ఈ మనిషి బతకదంట' అన్నాను. అందరి ముందూ ఏటన్నాడో తెలుసా? 'క్యోం, దో ఆద్మీ రఖా హై క్యా?' అన్నాడు. ఇద్దరు మొగుళ్లని ఉంచుకున్నావా అని! లైనంతా నవ్వినాది, ఆడోళ్లు కూడానూ. నా నోరు నీకు తెల్దా? అయినా ఆ ఒక్క షీటూ పుచ్చుకుని తలొంచుకుని వొచ్చీసినాను.

ఎలా మింగాలో ఆడు సెప్పనేదు. షీటు మీద రాసింది మాకు సదవడం రాదు. మా బుర్రకి తోచింది మేం చేసినాం. మీ తాతకీ బలరాంకీ నైట్ డ్యూటీలు ఒకే వారం పడీవి కావు. మొగుడు నైట్ డ్యూటీకి పోయిన వారం బిళ్లతో పనేటి? మీ తాత నైట్‌కెల్తే ఆ వారం షీటు దానికి. బలరాం నైట్‌కెల్తే నాకు. గోడ మీంచి ఇటూ అటూ. ఎంత తెలివైనోళ్లమో అని నవ్వుకునీవోళ్లం! ఆపకుండా రోజూ మింగాలంట, మొగుడు ఇంట్లో ఉన్నా లేకపోయినా. ఆ ఒక్క ముక్క సెప్పడానికి ఆడికి నోట్లో ఏటడ్డమొచ్చినాది? మమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి నోరొచ్చినాది కదా, దొంగసచ్చినోడికి!

మూడు నెలలు తిరక్కుండా ఇద్దరికీ నెల తప్పినాది. ఏడో నెల్లో గున్నమ్మ కుళాయి కాడ పడిపోనాది. ఒకటే రగతం. రిక్షాలో ఏసుకుని పోతన్నాం, నా కడుపు నాకే బరువు, దాని తల నా ఒళ్లో. 'నా వారం నానొక్క బిళ్ల కూడా మాననేదప్పా' అన్నాది. తప్పు తనదనుకున్నాదే, తల్లీ! ఆస్పత్రి గేటు కూడా సూడనేదు. సందులోవోళ్లు 'దాని రాత' అన్నారు. ఎవడే రాసినోడు? నాకు మీ బాబాయి రాజేశ్ పుట్టినాడు. మాకేటి, పర్మనెంటోళ్లం, ప్లాంటు ఆస్పత్రిలో మంచం, రగతం సీసా, అన్నీ ఉన్నాయి.

ఏడాది తిరిగినాక మళ్లీ ఆ కిటికీకే ఎల్లినాను. ఇంకెక్కడికెల్తాను? అదే మనిషి. కార్డైనా సూడనేదు. దోసెడు షీట్లు తీసినాడు. 'లే జావ్, పట్టుకుపోయి మీ సందులో పంచీ. అల్మారీ నిండిపోయి ఉంది, తారీకు దాటిపోతంది' అన్నాడు. ఉపకారం చేస్తన్నట్టు నవ్వు ఒకటి. అంటే అప్పుడూ నిండుగానే ఉన్నాదన్నమాట. నాను ఆడి మొహాన కొట్టాల కదా? చెంగు పట్టినాను. అన్నీ అందులో పోసినాడు. గున్నమ్మకి ముట్లుడిగీదాకా సరిపోయీవే, తల్లీ.

లే. ఇంకేటీ అడక్కు.